బాబ్ తిన్న చక్కెర పొంగలి

న్యూజిలాండ్ వెళ్ళొచ్చానని చెప్పగానే అందరూ గొర్రెల గురించే అడుగుతున్నారు. చూశాను, చాలా ఉన్నాయి. కానీ నేను వెళ్ళింది ఒక గుర్రం కోసం. ఇంకాస్త సరిగ్గా చెప్పాలంటే ఆ గుర్రమెక్కే మా ఇంటి కోడలి కోసం. ఉన్నదున్నట్టు చెప్పాలంటే, ఆ పిల్లని గుర్రం దింపి ఇంటికి తెచ్చుకుందామని బయల్దేరిన మా వదినకి తోడుగా.

మాది ఉత్తరాంధ్రలో ఒకప్పటి సంస్థానం. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టుంటుంది మా సంగతి. వానొస్తే కోటలో సగం గదులు కారతాయి. నేను విశాఖలో అపార్ట్‌మెంట్‌లో ఉంటాను, లిఫ్ట్ పాడైతే మెట్లెక్కుతాను. అయినా దసరా వచ్చిందంటే ఊరు ఊరంతా కోట ముందుంటుంది. విజయదశమి పొద్దున్న రాజావారు తలపాగా చుట్టుకుంటారు. ఇంట్లో పెద్దావిడ కోట గుర్రానికి చక్కెర పొంగలి ముద్ద తినిపిస్తుంది. కోడలు హారతి ఇస్తుంది. ముద్ద ఎవరు పెట్టినా పరవాలేదు కానీ హారతికి మాత్రం ముత్తైదువే కావాలని మా ఆచారం.

నిరుడు మా అన్నయ్య పోయాడు. ఈ దసరాకి తలపాగా అన్నయ్య కొడుకు, మా మేనల్లుడు రఘు చుట్టుకోవాలి, హారతి వాడి భార్య సుభద్ర ఇవ్వాలి. ఆ ఇద్దరూ ఆక్లాండ్‌లో ఉన్నారు. రఘుకి అక్కడ కంప్యూటర్ ఉద్యోగం. సుభద్ర గుర్రపు పోటీల్లో పాల్గొంటుంది. సరదాకి కాదు, దేశం తరఫున ఎక్కాలని. ఆ సంగతి మా వదినకి నచ్చదు. రాణిగారి కోడలు బురదలో దూకడమేమిటి, ఈసారి నేనే వెళ్ళి తీసుకొస్తానన్నారు. డెబ్భై దాటిన మనిషిని ఒంటరిగా ఎలా పంపిస్తాం? నేనూ పెట్టె సర్దుకున్నాను.

నెయ్యి పోయింది

ఆక్లాండ్ విమానాశ్రయంలో మన వీసా కంటే మన చెప్పుల మట్టి మీదే వాళ్ళకి ఎక్కువ శ్రద్ధ. రఘు ముందే ఫోన్ చేసి, ఏమీ దాచొద్దు, ఉన్నవన్నీ కాగితం మీద రాసి చూపించండి అని చెప్పాడు. వదిన తన పూజపెట్టె తెరిచి చూపించారు. కోట ఆవు నెయ్యి, జమ్మి ఆకు, పచ్చి వక్కలు, పసుపు కొమ్ములు. అధికారిణి ఒక్కొక్కటీ తీసి చూసి, క్షమాపణ చెప్పి, నెయ్యి దగ్గర్నుంచి పసుపు కొమ్ములదాకా పక్కనున్న డబ్బాలో వేసేసింది. పెట్టెలో కుంకుమభరిణ ఒక్కటి మిగిలింది.

“ఎంత మర్యాదగా దోచుకున్నారే అమ్మాజీ” అన్నారు వదిన. అమ్మాజీ అంటే నేనే. ఆవిడ కోపం దారంతా ఉంది. ఇంటికెళ్ళాక రఘు కొట్లో కొన్న వెన్న కరిగిస్తే ఆ వాసనకి కాస్త మెత్తబడ్డారు. ఆ దేశంలో పాడి బాగుందని ఒప్పుకోవడానికి మాత్రం ఆవిడకి రెండు పూటలు పట్టింది.

ఆల్బనీ

రఘువాళ్ళు ఉండేది ఆల్బనీలో. పెద్ద పెద్ద మాల్స్, ఆఫీసులు, ఒక యూనివర్సిటీ. రఘు పొద్దున్నే బస్సుల కోసమే వేసిన ప్రత్యేక రోడ్డు మీద సిటీకి వెళ్ళిపోతాడు. సుభద్ర అంతకంటే ముందే చీకటితో లేచి గుర్రం దగ్గరికి పోయి, తిరిగొచ్చి కూతురు తారకి లంచ్ బాక్స్ సర్ది, స్కూల్లో దింపి, మళ్ళీ గుర్రం దగ్గరికి పోతుంది. తారకి ఏడేళ్ళు. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో వస్తుంది. నానమ్మని నువ్వు నిజం రాణివేనా అని అడిగింది. ఇంటికి పెద్దని, అంతే, అన్నారు వదిన.

మర్నాడు మమ్మల్ని గుర్రపుశాలకి తీసుకెళ్ళింది సుభద్ర. ఊరు దాటి కాస్త ఉత్తరానికి పోవాలి. శాల యజమానురాలు మార్గరెట్. డెబ్భై ఏళ్ళ పొడుగు మనిషి, మాట తక్కువ. వదిన చెప్పులు చూసి, లోపలికెళ్ళి ఒక జత రబ్బరు బూట్లు తెచ్చి ముందు పెట్టింది. గద్వాల చీర కింద ఆకుపచ్చ బూట్లతో మా రాణిగారు నడుస్తుంటే నేను నవ్వు ఆపుకోలేక గొర్రెల్ని చూస్తున్నట్టు నటించాను.

గుర్రం పేరు బాబ్. ముదురు గోధుమరంగు, ఎత్తైన మనిషి కంటే ఎత్తు. గుర్రానికి బాబ్ ఏమిటని వదిన మొహం చిట్లించారు. మా కోట గుర్రాలు జయంతి, పవనుడు, గౌరి. ఇప్పుడు గౌరి ఒక్కతే మిగిలింది, అదీ దసరాకే బయటికొస్తుంది. సుభద్ర పార పట్టుకుని బాబ్ కొట్టం తనే శుభ్రం చేయడం మొదలుపెట్టింది. వదిన మొహం తిప్పేసుకున్నారు. మా ఇంట్లో ఆ పనికి నలుగురు ఉండేవారు.

నాకు మాత్రం ఆ గడ్డి వాసనకి కళ్ళు చెమర్చాయి. మా చిన్నప్పుడు గుర్రాలకి పెద్ద గంగాళంలో ఉలవలు ఉడికించేవారు. మేం పిల్లలం గుప్పెడు ఉలవలు దొంగిలించి ఉప్పు జల్లుకుని తినేవాళ్ళం. మా నాయనమ్మ ఘోషాలో ఉండేది. బండికి తెర కట్టకుండా గేటు దాటేది కాదు. ఆవిడ మేడమీద చెక్క కిటికీ సందుల్లోంచి గుర్రాల్ని చూస్తూ నిలబడేది. ఎందుకలా చూసేదో అప్పుడు నాకు పట్టలేదు. గుర్రాలున్న చోటికి వెళ్ళి ఒక్కసారైనా వాటి మెడ నిమిరి ఉంటుందా అని ఇప్పుడు అనిపిస్తోంది, అడగడానికి ఆవిడ లేదు.

ఆ సాయంత్రం వంటింట్లో వదిన అసలు మాట బయటపెట్టారు. దసరాకి రండి, వచ్చాక ఉండిపోండి, ఇక ఈ గుర్రాలు చాలు. సుభద్ర తారకి అన్నం కలుపుతూనే జవాబు చెప్పింది.

“దసరాకి తప్పకుండా వస్తాను అత్తయ్యగారూ. ఉండిపోవడం సంగతి ఈ పోటీ అయ్యాక చెప్తాను. ఇది పూర్తి చేస్తే పైస్థాయికి క్వాలిఫై అవుతాను. అవ్వకపోతే నేనే ఆలోచించుకుంటాను.”

ఆ పోటీ దక్షిణాన, ఇన్వర్‌కార్గిల్ దగ్గర. ఉత్తరాన జరగాల్సినది వానలకి రద్దయిందట. దీని తర్వాత ఈ ఏటికి మిగిలింది ఒకటే, అది సరిగ్గా దసరా వారంలో. అంటే ఇక్కడ నెగ్గితే పోటీ, పండగ రెండూ దక్కుతాయి. లేకపోతే ఏదో ఒకటి వదులుకోవాలి.

మనురేవా

పూజసామగ్రి లేకుండా వదినకి ఊపిరాడదు. అందుకని రఘు మమ్మల్ని నగరానికి ఆ చివరనున్న మనురేవా తీసుకెళ్ళాడు. పసిఫిక్ దీవులవాళ్ళు, పంజాబీలు, మనవాళ్ళు అంతా ఒకే వీధిలో. ఒక కొట్లో టారో అనే పెద్ద చేమదుంపలు కొండంత, పక్క కొట్లో గోంగూర. మా కూరగాయలవాడు కొసరుగా పడేసే కరివేపాకుకి అక్కడ చిన్న ప్యాకెట్టు కట్టి డాలర్లు తీసుకుంటారు. నేను మనసులో రూపాయల్లోకి మార్చి ప్యాకెట్ కింద పెట్టేశాను.

కిరాణా కొట్టాయనది వరంగల్. వదిన బెల్లం, పెసరపప్పు, యాలకులు, జీడిపప్పు ఒక్కొక్కటే చూసి, వాసన చూసి బుట్టలో వేస్తుంటే ఆయనకి ముచ్చటేసినట్టుంది. పచ్చకర్పూరం ఉందా అని అడిగితే లోపలినుంచి చిన్న డబ్బీ తెచ్చాడు.

“గిది బయట పెట్టనమ్మా, అడిగినోళ్ళకే ఇస్త. జరంత వేస్తే చాలు, పొంగలి గుడిల ప్రసాదం లెక్క అయితది.”

ఆయనకి ఆవిడ రాణిగారని తెలీదు. ఆ సంగతి వదినకి భలే నచ్చింది. పది నిమిషాలు మాట్లాడి, ఆయన తల్లి మోకాళ్ళ నొప్పి గురించి విని, ఒక చిట్కా చెప్పి వచ్చారు. కోటలో అయితే ఆవిడ ముందు ఎవరూ మోకాళ్ళ సంగతి ఎత్తరు.

ఓడ మీద

మార్గరెట్, సుభద్ర గుర్రపు ట్రక్కులో ఒకరోజు ముందు వెళ్ళారు. మేం కారులో. ఉత్తర ద్వీపం పొడుగునా దిగి, రాత్రికి ఒక చోట ఆగి, వెల్లింగ్టన్‌లో కారుతో సహా ఓడ ఎక్కాం. దారంతా గొర్రెపిల్లలు. తార ప్రతి గుంపుకీ ఒక పేరు పెట్టింది.

ఓడ డెక్ మీద గాలికి మా చీరలు మాట వినలేదు. వదినా నేనూ ఒక మూల చేరి, థర్మాస్‌లోంచి కాఫీ తాగుతున్నాం. ఆవిడ నీళ్ళ వైపు చూస్తూ ఉన్నట్టుండి అన్నారు.

“మా పుట్టింట్లో నేనూ ఎక్కేదాన్ని అమ్మాజీ. మా నాన్న నేర్పించారు. ఏటి ఇసకలో పందెం వేస్తే మా అన్నలు నా వెనకే.”

నలభై ఏళ్ళ పైచిలుకు ఆవిడని ఎరుగుదును. ఆ మాట ఎప్పుడూ వినలేదు. మరి ఎందుకు మానేశారని అడిగాను. మానెయ్యమని ఎవరూ చెప్పలేదట. పెళ్ళిరోజు పల్లకీలోంచి కోటలో దిగారట. ఆ తర్వాత ఎక్కుతావా అని ఎవరూ అడగలేదు, ఎక్కుతానని ఈవిడా అనలేదు.

“నేను మానేస్తే బతకలేదా? తనూ బతుకుతుంది” అన్నారు, కాఫీ కప్పు మూత బిగిస్తూ. నాకు ఆ మాట నచ్చలేదు.

ఇన్వర్‌కార్గిల్

దేశం చిట్టచివర. వసంతం వచ్చిందన్నారు కానీ మాకు విశాఖ డిసెంబరుని నాలుగుసార్లు మడతపెట్టినంత చలి. మోటెల్ నడిపే కుర్రాడిది గుంటూరు. ఇక్కడి పాలిటెక్నిక్‌లో చదవడానికొచ్చి, చలిని తిట్టుకుంటూనే సెటిల్ అయిపోయాడట. మమ్మల్ని చూడగానే ఆంటీ అని వరస కలిపేసి, వేడినీళ్ళ సంచులు తెచ్చి మంచాల మీద పెట్టాడు. ఇక్కడ కారు లేకపోతే కాలు లేనట్టే ఆంటీ, అని చెప్పి, ఎక్కడికైనా తీసుకెళ్తానన్నాడు. రాత్రి వాళ్ళింట్లో దోసకాయ పప్పు, గుమ్మడి వడియాలు. వడియాలు గుంటూరు నుంచి వచ్చాయట, పత్రం రాసి చూపించి తెచ్చుకున్నారట. వదిన తన నెయ్యి గుర్తొచ్చి నిట్టూర్చారు.

ఈ పోటీ మూడు అంచెల్లో ఉంటుంది. మొదటిరోజు గీసిన దీర్ఘచతురస్రంలో గుర్రాన్ని క్రమపద్ధతిలో నడిపించడం. రెండోరోజు పొలాలు, గట్లు, నీటిగుంటలు దాటి పరిగెత్తించడం. మూడోరోజు కర్రలు పడకుండా దూకించడం. మూడూ ఒకే గుర్రం, ఒకే మనిషి.

మొదటిరోజు సుభద్ర నల్లకోటు వేసుకుని, జుట్టు ముడివేసి, బాబ్ మీద లోపలికొచ్చింది. చూస్తే ఆ గుర్రానికి ఎవరూ ఏమీ చెప్పడం లేదనుకుంటాం. పక్కకి నడిచింది, నిలబడింది, తల వంచింది. సుభద్ర చేత్తో లాగింది లేదు, కాలితో తన్నింది లేదు. నేను వదిన వైపు చూశాను. ఆవిడ మడమలు రబ్బరు బూట్లలో కదులుతున్నాయి, ఒళ్ళో ఉన్న చేతులు కళ్ళెం పట్టినట్టు ముడుచుకుని ఉన్నాయి. ఆవిడకి తెలీదు, నేనూ చెప్పలేదు.

బయటికొచ్చిన కోడలితో ఆవిడ ఒక్క మాటే అన్నారు. “నీ ఎడమచెయ్యి కొంచెం బిగుసుకుంది, చూసుకో.” సుభద్ర తన ఎడమచేతి వైపు చూసుకుంది, తర్వాత అత్తగారి వైపు. సాయంత్రానికి తన పేరు పైనుంచి మూడోది.

రెండోరోజు పొద్దున్న

లేచేసరికి మోటెల్ గదిలో పెసరపప్పు వేగుతున్న వాసన. వదిన తలస్నానం చేసి, మడి కట్టుకుని, ఆ చిన్న స్టవ్ మీద చక్కెర పొంగలి వండుతున్నారు. మా ఇంట్లో ఆ పొంగలి ఎందుకు వండుతారో నాకు తెలుసు. కోట గుర్రానికి తప్ప ఇంకో గుర్రానికి ఆవిడ చేత్తో ముద్ద పడలేదు ఇంతవరకు. నాకు ఎంత సంతోషమైందంటే, జీడిపప్పు నేనే వేయించాను.

మైదానంలో సుభద్ర దారి చూసుకోవడానికి నడిచి వెళ్ళింది. మార్గరెట్ జీను తెస్తోంది. బాబ్ ట్రక్కు పక్కన కట్టేసి ఉంది. వదిన దాని నుదుట కుంకుమ పెట్టి, కళ్ళు మూసుకుని ఏదో చెప్పుకుని, ముద్ద అరచేతిలో పెట్టి అందించారు. బాబ్ పెదాలతో ఏరుకుని, నాకి, ఇంకోటి ఉందా అన్నట్టు చూసింది. ఇంకోటీ పెట్టారు.

సుభద్ర తిరిగొచ్చి కుంకుమ చూసి నవ్వింది. బాబ్ మూతి దగ్గరికి వెళ్ళి వాసన చూసింది. నవ్వు ఆగిపోయింది.

“అత్తయ్యగారూ, ఇందులో పచ్చకర్పూరం వేశారా?”

“వెయ్యకుండా పొంగలేమిటమ్మా?”

పోటీలో ఉన్న గుర్రం ఒంట్లో కర్పూరం ఉండకూడదట. అది నొప్పులకి వాడే మందుల లెక్కలోకి వస్తుందట. చిటికెడైనా సరే. మాకేం తెలుసు? దేవుడికి పెట్టేది గుర్రానికి పనికిరాదని ఎవరనుకుంటారు? మార్గరెట్ జీను కింద పెట్టి, అన్ని గుర్రాల్నీ పరీక్ష చెయ్యరు అని మాత్రం మెల్లగా అంది. సుభద్ర తల అడ్డంగా ఊపి, పశువైద్యుడి గుడారం వైపు నడిచింది. తిరిగొచ్చేటప్పుడు తన వీపు మీది నంబరు చేతిలో ఉంది. తనే పేరు తీయించుకుంది.

రఘు వచ్చి తల్లి ముందు నిలబడ్డాడు.

“అమ్మా, కావాలనే పెట్టావా?”

వదిన తల వంచుకుని, పొంగలి గిన్నె అంచుకి అంటిన మెతుకుల్ని వేలితో లోపలికి తోశారు. ఆవిడ అలా తల దించుకోవడం అన్నయ్య పోయినరోజు కూడా నేను చూడలేదు. నాకు రఘు మీద పట్టరాని కోపం వచ్చింది. కానీ ఆవిడ వచ్చిన పనే పిల్లని గుర్రం దింపడం. నేను నోరు తెరిచి ఏం చెప్పినా అది అబద్ధంలాగే వినిపిస్తుందని భయమేసింది.

సుభద్ర అతన్ని పక్కకి జరిపింది. “ఆ మాట అనకు రఘూ. అత్తయ్యగారు కోట గుర్రానికి తప్ప పెట్టరు. ఇవాళ బాబ్‌కి పెట్టారు.” తర్వాత గిన్నె అందుకుని, “నాకేమీ నిషేధం లేదు కదా” అని, ట్రక్కు మెట్టు మీద కూర్చుని మిగిలిన పొంగలి చేత్తో తిన్నది. ఏడుస్తూనే తిన్నది. తారా పక్కన కూర్చుని చెయ్యి పెట్టింది. వదిన వాళ్ళిద్దరినీ చూస్తూ నిలబడిపోయారు. దూరంగా మిగిలినవాళ్ళ గుర్రాలు గట్లు దూకుతుంటే జనం చప్పట్లు కొడుతున్నారు.

బ్లఫ్

మర్నాడు ఊరికే ఉండలేక, రఘు మమ్మల్ని బ్లఫ్ అనే రేవుకి తీసుకెళ్ళాడు. రోడ్డు అక్కడ అయిపోతుంది, ఆపైన సముద్రమే. అక్కడి ఆల్చిప్పల మాంసం పేరుపొందిందట. రఘు తిన్నాడు, నేను రుచి చూశాను, వదిన చేపలబజారు వాసన అని ముక్కు మూసుకున్నారు. తల్లీకొడుకులు ముందురోజు నుంచి అవసరానికే మాట్లాడుకుంటున్నారు.

రాళ్ళ మీద కూర్చున్నాక వదిన సుభద్రని అడిగారు, మళ్ళీ అవకాశం దసరా వారంలోనే కదా అని. అవునంది. అది వదిలేస్తున్నానని, మాట ఇచ్చాను కనుక పండక్కి వస్తానని చెప్పింది. గొంతులో ఎక్కడా నిష్ఠూరం లేదు. నిష్ఠూరమాడి ఉంటే మాకు కాస్త తేలిగ్గా ఉండేది.

“ఆ మాట నీకు వెనక్కిచ్చేస్తున్నా. నువ్వు పోటీకి వెళ్ళు. రఘు వచ్చి తలపాగా చుట్టుకుంటాడు. హారతి నేనిస్తాను.”

మీరా వదినా, అన్నాను నేను. నోరు జారింది. ఆవిడ భర్త పోయిన మనిషి. మా కోటలో, మా ఊళ్ళో, అది ఎంత మాటో ఆవిడకి నేను చెప్పనక్కర్లేదు.

“గుర్రానికి నా బొట్టుతో పనేంటి అమ్మాజీ?” అన్నారు. రఘు వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాడు. గాలికి ఎగురుతున్న ఆవిడ శాలువా అంచు పట్టుకుని కూర్చున్నాడు.

కోటలో

తిరిగొచ్చాక విజయదశమికి నేనూ కోటకి వెళ్ళాను. ఊరంతా వచ్చింది. రఘు తలపాగా చుట్టుకుని నిలబడితే మా అన్నయ్యే వచ్చాడనిపించి ఏడ్చాను. ముసలిది గౌరి మెడకి బంతిపూల దండ. హారతి పళ్ళెం పట్టుకుని వదిన రాగానే పురోహితుడు మంత్రం మధ్యలో ఆపేశాడు. ముందు వరసలోని పెద్దమ్మలు ఇద్దరు మొహం పక్కకి తిప్పుకున్నారు. వదిన వాళ్ళని చూడలేదు. మంత్రం కానివ్వండి, అన్నారు పురోహితుడితో. ఆయన గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. ఆవిడ గుర్రానికి కుడినుంచి ఎడమకి మూడుసార్లు తిప్పి, వేడి అరచేతులతో తన కళ్ళకీ దాని కళ్ళకీ అద్దారు. వెనకనుంచి ఎవరో ముసలావిడ గట్టిగా మంగళహారతి ఎత్తుకుంది. తర్వాత ఇంకొందరు కలిశారు. అందరూ కలవలేదు.

జనం భోజనాలకి లేచాక ఫోన్ మోగింది. అక్కడ సాయంత్రమైపోయింది. నేనే ఎత్తాను. సుభద్ర. మూడు అంచెలూ పూర్తయ్యాయని, చివర్లో బాబ్ ఒక కర్ర పడేశాడని, అయినా క్వాలిఫై అయ్యానని చెప్పింది. వదిన చెయ్యి చాచి ఫోన్ అందుకున్నారు. బాగుందని అనలేదు, సంతోషమని అనలేదు. గుర్రానికి కాళ్ళు బాగున్నాయా అని అడిగారు. బాగున్నాయని విన్నాక గౌరి వైపు చూశారు.

“సరే, పడుకో. వచ్చే ఏడూ హారతి నేనే ఇస్తాను” అన్నారు.